తుప్పునే కాపలా పెట్టి

కొత్తగా చేసిన తుపాకీ గొట్టాన్ని అద్దంలా నునుపుతేల్చి, జిడ్డు మచ్చుకైనా లేకుండా కడిగి, ఆ తర్వాత కావాలనే దానికి తుప్పు పట్టించే పనివాళ్లు ఉండేవాళ్లు. ఇప్పటికీ కొద్దిమంది ఉన్నారు. పలచటి ఆమ్ల ద్రావణాన్ని గుడ్డతో గొట్టమంతా ఒక పూత పూసి, తేమ నిండిన చెక్కపెట్టెలో వేలాడదీస్తారు. కొన్ని గంటలు గడిచేసరికి గొట్టం మీద పసుపూ ఎరుపూ కలిసిన సన్నటి తుప్పు నూగులా లేస్తుంది. దాన్ని మరుగుతున్న నీళ్లలో ముంచితే ఆ నూగు ఎరుపు విడిచి నల్లబడుతుంది. మెత్తటి తీగల బ్రష్షుతో రుద్దితే పైపొడి రాలిపోయి, అడుగున బూడిదరంగు నీడ మిగులుతుంది. మళ్లీ ద్రావణం, మళ్లీ తేమపెట్టె, మళ్లీ మరగబెట్టడం. ఇలా ఆరేడుసార్లు అయ్యేసరికి ఆ నీడ చిక్కబడి, నలుపులో నీలం కలిసిన కారుమబ్బు రంగులో నిగనిగలాడుతుంది. చివరికి నూనె పట్టించి పక్కన పెడతారు. తుపాకీ పనివాళ్లు దీన్ని బ్లూయింగ్ అంటారు.

ఇందులో ఎవరూ రంగు వేయలేదు. గొట్టంలోని ఇనుమే తన పైపొరను మార్చుకుంది. ఎర్రతుప్పూ నల్లపొరా రెండూ ఇనుమూ ఆక్సిజనూ కలిసి పుట్టించినవే. తోడబుట్టినవే అయినా గుణాలు వేరు. ఎర్రతుప్పు తనలో నీటిని ఇముడ్చుకుంటుంది. తాను పుట్టిన ఇనుము కంటే దానికి కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు దొరకక ఉబ్బుతుంది, పొక్కుతుంది, పొలుసులుగా రాలుతుంది. రాలిన చోట కింది ఇనుము మళ్లీ గాలికీ తేమకూ చిక్కుతుంది. వదిలేసిన కొడవలి నాలుగు వానాకాలాల్లో చిల్లులు పడేది ఇందుకే. నల్లపొర సంగతి అలా కాదు. అది మాగ్నటైట్. మన పెద్దలు సూదంటురాయి అన్నది ఆ పదార్థాన్నే. అది అడుగునున్న ఉక్కును అంటిపెట్టుకుని ఉంటుంది, పొక్కి ఊడిపోదు. తుప్పు పట్టక తప్పని లోహానికి నెమ్మదైన తుప్పును ముందే పట్టించి, దాన్నే వాకిట్లో కాపలా పెట్టడం ఈ విద్యలోని కిటుకు.

అయితే ఈ కాపలాదారుడి బలం ఎంతో తెలుసుకోవాలి. బ్లూయింగ్ పొర మందం ఇంచుమించు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక అంతకు యాభై అరవై రెట్లు లావుంటుంది. పైగా ఆ పొర నిండా కంటికి కనబడని రంధ్రాలు. నూనె లేకుండా దాన్ని ఉప్పుగాలిలో పెడితే గంటల్లోనే ఎర్రచుక్కలు తేలతాయి. అసలు కాపలా కాసేది ఆ రంధ్రాల్లో నిలిచిన నూనె. నల్లపొర ఆ నూనెకు ఆసరా. ఇంట్లో ఇనప పెనం నలుపు పుట్టుక వేరు, అది నూనె కాలి గట్టిపడిన పొర. కానీ రెండింటి బలహీనతా ఒకటే. పులుపు తగిలితే రెండూ వెలిసిపోతాయి, నూనె ఆరిపోతే రెండూ తుప్పెక్కుతాయి.

తుపాకీకి పూత వేయించాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న, ఏ పూత గట్టిది అని. ఆ ప్రశ్నతో బయల్దేరితే దారి తప్పుతాం. ఎంత గట్టి పూతకైనా ఒకనాడు గీత పడుతుంది. గీత పడ్డ మర్నాటి నుంచి దాని కింద ఏం జరుగుతుంది? పూత ఎంపికలో నేను అన్నిటికంటే పెద్దపీట వేసే ప్రశ్న ఇదే.

ఇప్పుడు కర్మాగారాల్లో ఎక్కువగా జరిగేది వేడి బ్లూయింగ్. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు చిక్కగా కలిపిన నీరు నూటికి బదులు దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. అందులో భాగాలను ముంచితే రోజుల తరబడి చేసే పని అరగంటలో అయిపోతుంది. చవక, త్వరితం, అందం. కానీ ఆ ద్రావణం అల్యూమినియాన్ని కరిగించేస్తుంది. అంతకంటే తెలియకుండా దెబ్బతీసే చోటు ఇంకొకటి ఉంది. పాత జంటగొట్టాల తుపాకుల్లో రెండు గొట్టాలనూ వాటి నడుమనున్న పట్టీనీ సీసం, తగరం కలిసిన టంకంతో అతికేవారు. వేడి కాస్టిక్ ఆ టంకాన్ని తినేస్తుంది. తుపాకీ కొత్తదానిలా మెరుస్తూ ఇంటికొస్తుంది, పట్టీ మాత్రం వదులై ఊడటం మొదలవుతుంది. తాతల నాటి 12 బోర్ తుపాకీకి మళ్లీ నలుపు తెప్పించాలంటే పైన చెప్పిన నెమ్మది పద్ధతే గతి. సీసాల్లో అమ్మే చల్లటి బ్లూయింగ్ మందు సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, గీతను కప్పడానికి పనికొస్తుంది, తుప్పును ఆపడానికి కాదు.

నూనె నిలవడమే ముఖ్యమైతే, నూనెను ఇంకా బాగా పట్టి ఉంచే పొర ఎందుకు తయారు చేయకూడదు? ఈ ఆలోచనకు దారి వేసింది ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌కు చెందిన థామస్ వాట్స్ కాస్లెట్. ఇనుప రజను కలిపిన ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఉక్కును వేడిచేస్తే దాని మీద ఫాస్ఫేటు స్ఫటికాల పొర పేరుకుంటుందని ఆయన చూపాడు. 1906లో పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులు అమెరికాలో పార్కర్ కుటుంబం చేతికి వెళ్లాయి. 1915లో వాళ్లు పెట్టిన కంపెనీ పేరు మీదుగానే ఈ పద్ధతికి పార్కరైజింగ్ అనే పేరు స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు మోసిన ఎం1 గరాండ్ రైఫిళ్ల మసక బూడిదరంగు ఇదే. మెరుపు లేకపోవడం సైనికుడికి ఒక లాభం, ఎండలో తళుక్కుమని శత్రువుకు జాడ చెప్పదు. అసలు లాభం సూక్ష్మదర్శిని కింద కనబడుతుంది. ఆ ఉపరితలం స్ఫటికాలు గుదిగుచ్చినట్టు గరుగ్గా, సందులతో ఉంటుంది. మందం అయిదు నుంచి పదిహేను మైక్రాన్లు. ఆ సందులు స్పాంజిలా నూనెను పీల్చుకుని పట్టి ఉంచుతాయి. గీత పడినా పక్క సందుల్లోని నూనె కొంత ఆదుకుంటుంది. రంగు వేసినా ఆ గరుకుదనం రంగును గట్టిగా పట్టుకుంటుంది. యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం తన రైఫిళ్లకు ఫాస్ఫేటు మీద నల్లటి ఎనామెల్ పూయడంలోని తర్కమిదే. అందానికి మార్కులు వేస్తే పార్కరైజింగ్ వెనకబడుతుంది. వానలో, బురదలో వాడే తుపాకీకి నన్ను అడిగితే బ్లూయింగ్ కంటే దీన్నే ముందు చెబుతాను.

ఫాస్ఫేటు మాట వచ్చింది కనుక ఢిల్లీ దాకా వెళ్లాలి. కుతుబ్ మీనార్ పక్కన నిలబడి ఉన్న ఇనుపస్తంభం రెండో చంద్రగుప్తుడి కాలం నాటిది. ఎత్తు ఏడు మీటర్ల పైచిలుకు, బరువు ఆరు టన్నులకు పైనే. పదహారు వందల ఏళ్లుగా వానలో తడుస్తూ ఎండలో ఆరుతూ ఉంది. దాని ఇనుములో నూటికి పావు వంతు దాకా భాస్వరం ఉంది. నేటి ఉక్కు తయారీలో అంత భాస్వరాన్ని దోషంగా ఎంచి తీసేస్తారు. ఆనాటి కొలిమిలో సున్నం వాడలేదు, అందుకే భాస్వరం లోహంలోనే ఉండిపోయింది. తడి, పొడి ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే ఆ భాస్వరం లోహపు అంచున పోగై, ఇనుప ఫాస్ఫేటుతో సన్నటి పొర కట్టిందని ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆచార్య ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. కాస్లెట్ తొట్టెలో గంటల్లో చేసిన పనికి దగ్గరి చుట్టమైన పనిని వానాకాలాలు ఏళ్ల తరబడి చేశాయి. మన కమ్మరులు ఇది తెలిసి చేశారని నేను అనను. కానీ ఆ ఇనుమును చూసి ఇవాళ్టి పూతల విద్యార్థి నేర్చుకోవలసింది చాలా ఉంది. అక్కడ గీత పడితే పొర మళ్లీ కట్టుకుంటుంది. పైన అద్దిన ఏ రంగూ చేయలేని పని అది.

ఇంతవరకూ తుపాకీ బయటి ఒంటి మాట. గొట్టం లోపలి లోకం వేరు. అక్కడ మండే వాయువుల వేడి, తూటా రాపిడి, పేలుడు మిగిల్చే మసి ఉంటాయి. పాతకాలపు తూటాల వెనుక ఉండే క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టంలో పేరుకునేది. వంటింటి ఉప్పుకు అది దగ్గరి బంధువు. గాలిలోని తేమను లాక్కుని, రాత్రికి రాత్రి గొట్టాన్ని కొరికేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కాల్చిన సైనికులు సాయంత్రం గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు. తర్వాతే ఆరబెట్టడం, నూనె. ఎంత ఖరీదైన నూనె పూసినా ముందు నీళ్లు పోయకపోతే వృథా.

ఇత్తడి గిన్నెకు లోపల కళాయి పెట్టినట్టు గొట్టానికి లోపల క్రోమ్ పూయడం దీనికి దొరికిన జవాబు. హార్డ్ క్రోమ్ గట్టిదనం విక్కర్స్ కొలతలో 800 నుంచి 1000 దాకా ఉంటుంది. మామూలు గొట్టపు ఉక్కు దాని ముందు మెత్తన. జపాన్ 1939 నాటి అరిసాకా టైప్ 99 రైఫిల్‌కు గొట్టం లోపల క్రోమ్ పూసింది, సోవియట్లు కలాష్నికోవ్‌కు పూశారు. అమెరికా మాత్రం వియత్నాంకు పంపిన తొలి ఎం16 రైఫిళ్లలో ఆ పని చేయలేదు. తేమ నిండిన అడవుల్లో, తూటా కూర్చునే గదిలో సన్నటి గుంటలు పడ్డాయి. పేలినప్పుడు ఇత్తడి తొడుగు ఉబ్బి ఆ గుంటల్లో ఇరుక్కునేది, బయటికి రాక రైఫిల్ మూగబోయేది. తప్పంతా పూతదే అనలేం. తూటాల్లో మందుగుండు రకం మార్చారు, రైఫిల్‌ను పెద్దగా శుభ్రం చేయనక్కర్లేదని నమ్మించారు, శుభ్రం చేసే సామగ్రి చాలినంత ఇవ్వలేదు. 1967లో రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం దీన్ని విచారించింది. ఆ తర్వాత తూటా గదికి క్రోమ్ వచ్చింది, పిమ్మట గొట్టమంతటికీ వచ్చింది. కొన్ని మైక్రాన్ల లోహాన్ని మిగిల్చుకోబోయి, చేతిలో పనిచేయని ఆయుధంతో కుర్రవాళ్లను అడవిలో నిలబెట్టారు. పూత ఎంపికను అలంకారంగా చూసేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను.

క్రోమ్‌కు ఇంకో ముఖం ఉంది. ఆ పూత తొట్టెలో ఉండేది ఆరు వేలన్సీల క్రోమియం. దాని ఆవిరి పీల్చిన పనివాళ్లకు ముక్కు లోపలి గోడకు చిల్లులు పడతాయి, ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. 2017 సెప్టెంబరు నుంచి యూరోపియన్ యూనియన్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రైఆక్సైడ్ వాడటానికి వీల్లేదు. పూత మన్నికను లెక్కవేసేటప్పుడు దాన్ని అద్దిన మనిషి మన్నికనూ లెక్కలో కలపాలి.

గీత పడ్డ మర్నాటి ప్రశ్నకు వద్దాం. అది నికెల్ దగ్గర బాగా అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దపు రివాల్వర్లు చాలావాటికి వెండిలా మెరిసే నికెల్ పూత ఉండేది. పూత అతుకు లేకుండా ఉన్నంతకాలం దానికి తిరుగులేదు. కానీ నికెల్ ఇనుము కంటే ఓర్పు గల లోహం. తేమ సోకినచోట రెండు లోహాలు పక్కపక్కనే ఉంటే అక్కడ చిన్న బ్యాటరీ పుడుతుంది, ఓర్పు తక్కువ లోహం కరుగుతుంది. పూతకు సూదిమొనంత చిల్లు పడితే చాలు, కింది ఉక్కు ఒక్కచోటే లోతుగా కరుగుతూ పోతుంది. తుప్పు పూత కిందగా పాకి, నికెల్‌ను పెచ్చులుగా లేపుతుంది. మన ఇళ్లపై వేసే జింకు రేకుల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. గీత పడ్డా రేకు వెంటనే ఎర్రబడకపోవడానికి కారణం అదే. మరి తుపాకీకి జింకు ఎందుకు పూయరంటే, అది మెత్తన, రాపిడికి నిలవదు, కొలతలూ మారిపోతాయి.

పూతే వద్దు, ఉక్కు చర్మాన్నే మార్చేద్దాం అన్నది నైట్రైడింగ్. జర్మనీలో క్రుప్ సంస్థలో అడాల్ఫ్ ఫ్రై 1920లలో దీన్ని ఒక కొలిక్కి తెచ్చాడు. ఉక్కును అయిదారు వందల డిగ్రీల వేడిలో ఉంచి నైట్రోజన్‌ను లోపలికి ఇంకనిస్తారు. పైన పది ఇరవై మైక్రాన్ల ఐరన్ నైట్రైడ్ పొర ఏర్పడుతుంది. దాని కింద నైట్రోజన్ ఇంకా లోతుకు క్రమంగా పలచబడుతూ దిగుతుంది. పూతకూ ఉక్కుకూ మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు కనుక పెచ్చు లేవడమనే బాధ లేదు. 1980లలో ఆస్ట్రియా గ్లాక్ పిస్తోళ్లు టెనిఫర్ అనే ఉప్పుద్రావక నైట్రైడింగ్‌తో వచ్చి దీనికి పేరు తెచ్చాయి. పైన కనబడే నలుపు అరిగిపోయినా కింది నైట్రైడ్ చర్మం తన పని తాను చేస్తూనే ఉంటుంది. నా ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు ఉక్కు విషయంలో నాకు కనబడలేదు. కాకపోతే అంత వేడికి స్ప్రింగులు పదును కోల్పోతాయి. ఏ భాగానికి చేయించాలో ఎంచుకోవాలి.

వజ్రంలాంటి కార్బన్ పూతలదీ ఇదే తరహా పాఠం. అవి రెండు మూడు మైక్రాన్లే ఉన్నా గట్టిదనంలో క్రోమ్‌ను దాటిపోతాయి. కానీ అడుగు ఉక్కు మెత్తనైతే పరుపు మీద గాజుపలక పరిచి నడిచినట్టే. అందుకే ముందు నైట్రైడింగ్ చేసి, పైన ఆ పూత వేస్తారు.

అల్యూమినియం భాగాలకు మార్గం వేరు. చల్లటి గంధకామ్లంలో విద్యుత్తు పంపి యాభై మైక్రాన్ల దాకా దాని ఆక్సైడునే పెంచుతారు. అందులో సగం లోపలికీ సగం బయటికీ పెరుగుతుంది, కొలతలు వేసేవాళ్లు ఇది మరిచిపోకూడదు. ఇక స్టెయిన్‌లెస్ స్టీలు. 1965లో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60తో రివాల్వర్లలోకి వచ్చింది. మరక పడదన్న పేరే గానీ తుపాకుల్లో వాడే రకాల్లో క్రోమియం వంటింటి స్టీలు కంటే తక్కువ. చెమట పట్టిన చేతితో పట్టుకుని తుడవకుండా పెడితే దానికీ గోధుమ చుక్కలు వస్తాయి.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా వినబడేది సెరాకోట్ వంటి పింగాణీ కలిసిన పాలిమర్ పూతలు. స్ప్రే గన్‌తో చల్లి, పొయ్యిలో వంద డిగ్రీల పైచిలుకు వేడిలో ఆరబెడతారు. మందం పాతిక మైక్రాన్ల దగ్గర. ఉప్పుకూ తేమకూ ఇవి నిజంగా గొప్ప అడ్డు. వీటి ప్రచారంలో వేల గంటల ఉప్పుతుంపర పరీక్ష గురించి చదువుతాం. ఆ పరీక్షకు 1939లో రూపం ఇచ్చారు. అయిదు శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల పెట్టెలో ఎడతెగకుండా తుంపరలుగా చల్లుతారు. ఇందులో ఎండ లేదు, తడి ఆరి మళ్లీ తడవడం లేదు, ఒరలోంచి తీసి పెట్టే రాపిడి లేదు. పెట్టెలో గెలిచిన పూత విశాఖ బీచ్‌రోడ్డు మీద గెలుస్తుందన్న పూచీ లేదు. కారైకుడిలోని ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ రామేశ్వరం దారిలో మండపం దగ్గర సముద్రపు గాలిలో లోహపు పలకలను పెట్టి ఏళ్ల తరబడి గమనించే కేంద్రం నడుపుతున్నది ఇందుకే. గంటల అంకె రెండు పూతలను పోల్చడానికి ఒక ఆనవాలు, ఆయుష్షు లెక్క కాదు. పాలిమర్ పూత గట్టి అంచుల దగ్గర అరుగుతుంది. అరిగిన చోట కింద ఉన్నది ఒట్టి ఉక్కైతే తుప్పు మొదలవుతుంది, ఫాస్ఫేటు ఉంటే నెమ్మదిస్తుంది. అందుకే ఇసుకచిమ్మి గరుకుచేసిన ఉక్కు మీద నేరుగా వేయించే కంటే ఫాస్ఫేటు మీద వేయించడమే నాకు నచ్చుతుంది.

మనవైపు లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు రెండు మాటలు. పాత తుపాకీని సానబట్టి నునుపుచేసేటప్పుడు దాని మీది నంబరూ గుర్తులూ చెరిగిపోతే, 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద అది నేరం. మరమ్మతు కూడా లైసెన్సున్న దుకాణంలోనే చేయించాలి. తోలు ఒరలో, గుడ్డ సంచిలో నెలల తరబడి దాచిన తుపాకీకి ఏ పూతా సాయపడదు. అవి తేమను పీల్చి లోహానికి ఆనించి ఉంచుతాయి. గాలి ఆడే బీరువా, నూనె గుడ్డ, వానాకాలంలో నెలకోసారి తీసి చూసే ఓపిక ఉంటే నూరేళ్ల నాటి బ్లూయింగ్ కూడా నిలుస్తుంది.

అయినా ఒక చోట అరుగుతుంది. పాత తుపాకీ ఎవరి దగ్గరున్నా చూడండి, మోసేటప్పుడు బరువు సరితూగేచోట, చెయ్యి పట్టే చోట నలుపు పోయి తెల్లటి ఉక్కు తేలి ఉంటుంది. చెమటలో ఉప్పు ఉంది, అరచేయి రాపిడీ ఉంది. నూనె గుడ్డ ముందుగా పడాల్సింది అక్కడే. ఢిల్లీ స్తంభానికీ ఇదే అయింది. దానికి వీపు ఆనించి చేతులు వెనక్కి చుట్టి కలిపితే కోరిక తీరుతుందని లక్షలమంది కౌగిలించారు. పదహారు వందల ఏళ్ల వాన చేయలేని పని ఆ చేతులు చేశాయి. మనిషి ఎత్తున స్తంభం అరిగి రంగుమారింది. 1997లో చుట్టూ కంచె వేశారు.